నీలమ్మత్త చేపలు తూకానికి దొరకలేదు

ఈ రోజు నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఎవరు ఏం తింటున్నారో ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకోవడం నా పని. ఆ జవాబులు ఎంతవరకు నిజమో తేల్చడానికి, తర్వాత వాళ్లింట్లోనే కూర్చుని కంచంలో పెట్టుకున్నది తూకం వేస్తాను.

ఆర్యపల్లిలో చేపలమ్మే నీలమ్మత్త "రోజూ సేపలు తింతాను" అని చెప్పింది. మూడు రోజులు తూకం వేస్తే ఒక్క ముక్క కూడా కనబడలేదు. అన్నం, పప్పు, వంకాయ కూర, అంతే. ఫారాలు నేనే ఇంట్లో కూర్చుని నింపేశానేమోనని మా మేడంకు అనుమానం వచ్చింది. ఇవాళ ఆవిడే నాతో బయల్దేరారు.

నీలమ్మత్త సముద్రం ఒడ్డునే దొరికింది. "రోజూ సేపలు తింతానన్నావు. మరి మీ ఇంట్లో ఒక్కటీ కనబడలేదేటత్తా?" అని అడిగాను.

ఆవిడ నవ్వేసింది. "ఇంట్లో ఎందుకు తింతానమ్మా? పొద్దున్నే పడవలొచ్చినప్పుడు ఇక్కడే రెండు కాల్సుకుని సద్దన్నంలో నంజుకుంతాను. నువ్వొచ్చేసరికి నా సేపలు అయిపోతాయి."

మేడం ఫారం మీద సంతకం పెట్టి, "నువ్వు రాసింది సరిగ్గానే ఉంది. మనమే ఆలస్యంగా తూకం వేశాం" అన్నారు. అప్పటికి గానీ నాకు ఊపిరి ఆడలేదు. నీలమ్మత్త మా ఇద్దరికీ చెరో చేప కాల్చి పెట్టింది.

ఇంటికి రాగానే అమ్మ "మజ్జానం ఏటి తిన్నావే?" అంది. "ఏం తినలేదమ్మా" అనేశాను. ఆ చేప గానీ, బస్టాండులో తిన్న రెండు గారెలు గానీ గుర్తే రాలేదు! మీరైనా నిజం చెప్పండి, ఈ రోజు ఏమేం తిన్నారు?