టింకర్ లేని నవంబరు

టింకర్ సెప్టెంబరులో చనిపోయింది. ముసలి కుక్క, ఎవరూ ఆశ్చర్యపోలేదు. వీధిలో వాళ్ళు సానుభూతి కార్డులు ఇచ్చారు, పక్కింటి ట్రెవర్ గుంట తవ్వడానికి పార పట్టుకుని వచ్చాడు. గేనర్ అందరి ముందూ ఏడ్చింది, అది నిజమైన ఏడుపే. అక్టోబరు సగం గడిచి, రాలిన ఆకులు గుమ్మాల ముందు తడిసి ముద్దవుతున్నప్పుడు మాత్రం ఆమె గుండె గుభేల్‌మంది. నవంబరు వచ్చేస్తోంది. ఈసారి ఊరు వదిలి వెళ్ళడానికి వంకేది?

గేనర్ ఇంగ్లండ్‌లోని స్టోక్ ఊళ్ళో ఒక బడి వంటగదిలో పనిచేస్తుంది, మధ్యాహ్నం పిల్లలకి వడ్డిస్తుంది. గొంతు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. వద్దన్నవాడి పళ్ళెంలో కూడా బఠాణీలు పడాల్సిందే. ఆమె భర్త రస్సెల్ సిటీ బస్సు నడిపి ఈ మధ్యే రిటైరయ్యాడు. బస్సుకి ముందు సైన్యం. మీసాలు సరిగ్గా రాకముందే ఫాక్‌లాండ్ దీవుల యుద్ధానికి వెళ్ళొచ్చాడు. అక్కడేం జరిగిందని పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగితే, "చలి," అన్నాడు. ఆ మాట అక్కడితో ఆగింది, ఇన్నేళ్ళలో మళ్ళీ కదల్లేదు.

నవంబరు అయిదున దేశమంతా మంటలు వేసి టపాకాయలు కాలుస్తారు. ఎప్పుడో పార్లమెంటుని పేల్చబోయి దొరికిపోయినవాడి మీద వీళ్ళకి ఇంకా కసి తీరలేదు కాబోలు. ఆ వారాంతం గేనర్, రస్సెల్ ష్రాప్‌షైర్ కొండల వెనక మిసెస్ ప్రోసర్ అనే ఆవిడ పొలంలో అద్దెకిచ్చే చిన్న ఇంటికి వెళ్ళిపోతారు. గొర్రెలు, బురద, కట్టెల పొయ్యి, అంతకు మించి అక్కడేమీ లేదు. "పాపం, మా టింకర్ ఆ చప్పుళ్ళకి తట్టుకోలేదు," అని వీధికంతా చెప్పేవారు. టింకర్‌కి ముందు ఇంకో కుక్క, దానికి ముందు మరొకటి. చూడబోతే అన్నీ పిరికి కుక్కలే దొరికాయి వాళ్ళకి.

అసలు సంగతి గేనర్ ఒక్కసారే కళ్ళారా చూసింది. ఒక ఏడాది కారు మొరాయించి ఇంట్లోనే ఉండిపోయారు. మొదటి రాకెట్ పేలగానే రస్సెల్ కుక్కని చంకనేసుకుని మెట్ల కింద ఉన్న అరలో దూరాడు. ఆమె తలుపు సందులోంచి తొంగిచూసింది. కుక్క నిమ్మళంగానే ఉంది. వణుకుతున్నది మనిషి. ముఖం పాలిపోయి, చెమట కారుతూ, పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆమె తలుపు మెల్లగా మూసి, రేడియో గొంతు పెంచి, టీ పెట్టింది. మర్నాడు పొద్దున, "టింకర్ బాగా భయపడినట్టుంది," అంది. "అవును, పాపం," అన్నాడు. ఆ అబద్ధం మీదే సంసారం హాయిగా నడిచిపోయింది. ఇలాంటివి నోరు తెరిచి చెప్పుకోవడమంటే వీళ్ళకి బట్టల్లేకుండా వీధిలో నిలబడ్డట్టే. చెప్పుకోకుండా కుళ్ళిపోవడం మాత్రం ఫరవాలేదు.

ఈసారి కొంప ముంచింది ట్రెవర్ మంచితనం. కంచె మీంచి తల పెట్టి, "గురూ, ఈ ఏడు మీకు కుక్క బెడద లేదుగా! శనివారం మా పెరట్లో మంట వేస్తున్నాం. రాకెట్లు బోలెడు తెచ్చాను. ఇద్దరూ రావాలి," అన్నాడు. వంక వెతుక్కునేలోపే రస్సెల్ నోట్లోంచి "రాకేం, తప్పకుండా," అని వచ్చేసింది. మర్యాదగా పిలిచినవాణ్ణి కాదనడం అతనికి పుట్టుకతో రాలేదు. వంటింట్లో గేనర్ చేతిలో గిన్నె జారి సింకులో పడింది.

వీధంతా వస్తుంది ఆ మంట దగ్గరికి. అందరూ చూస్తుండగా ఈ మనిషి మోకాళ్ళ మీద కూలబడితే? ఆ తర్వాత ఇక గడప దాటడు. రస్సెల్ సంగతి ఆమెకి తెలుసు. సిగ్గుతోనే చచ్చిపోతాడు.

ఆ సాయంత్రమే మిసెస్ ప్రోసర్‌కి ఫోన్ చేసింది. ఇల్లు ఖాళీగానే ఉందట. కానీ బర్మింగ్‌హామ్ జంట ఎవరో అడుగుతున్నారట. గురువారం సాయంత్రం మళ్ళీ ఫోన్ చేస్తానని, అప్పటికి తేల్చకపోతే వాళ్ళకి ఇచ్చేస్తానని ఆవిడ చెప్పింది. గేనర్ మనసులో ప్రయాణమంతా కట్టేసుకుంది. శుక్రవారం బడి అవగానే బయల్దేరాలి, చీకటి పడకముందే కొండ దాటాలి, బూట్లకి మైనం పట్టించాలి, ఆదివారం భోజనానికి ఆ ఊరి పబ్బులో బల్ల చెప్పి ఉంచాలి. అన్నీ కుదురుతాయి. కుదరాల్సింది మొగుడు.

మోకాళ్ళకి కొండగాలి మంచిదంది. కొండలెక్కితే ఉన్న మోకాళ్ళు కూడా పోతాయన్నాడు. ప్రోసర్ గారు చేసే 'ఆపిల్ పై' తినాలని మనసు పోతోందంది. బజార్లో కొనుక్కొస్తానన్నాడు. పోనీ ఇంకో కుక్కని తెచ్చుకుందామా అంటే, ఆమె వైపు చూడకుండా, ఇక కుక్కలొద్దన్నాడు. పైగా మాటిచ్చి ఊరెళ్ళిపోతే ట్రెవర్ ఏమనుకుంటాడని అడిగాడు. గేనర్‌కి ఒళ్ళు మండిపోయింది. పక్కింటివాడు ఏమనుకుంటాడోనని ప్రాణం మీదికి తెచ్చుకునేవాడితో ఎలా వేగడం?

బుధవారం వీధి చివర ఎవరో ఆత్రం ఆపుకోలేక అప్పుడే మొదలెట్టారు. భోజనం చేస్తుండగా పెద్దదొకటి పేలింది. రస్సెల్ చేతిలో ఫోర్కు పళ్ళేనికి కొట్టుకుని టకటకలాడింది. అతను దాన్ని పక్కన పెట్టి, ఆ చేతిని తొడ కింద నొక్కిపెట్టి కూర్చున్నాడు. గ్రేవీ బాగా కుదిరిందన్నాడు. అతన్ని రెండు బాదాలనిపించింది గేనర్‌కి, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక పళ్ళేలు తీసింది.

గురువారం బడి నుంచి వచ్చేసరికి అతను వంటింట్లో బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాడు. గేనర్ కోటు కూడా విప్పలేదు.

"శనివారం నేను ట్రెవర్ వాళ్ళింటికి రాలేను."

"ఏం?"

"నాకు భయం, రస్సెల్. ఆ పేలుళ్ళంటే చచ్చేంత భయం. ఇన్నాళ్ళూ సిగ్గేసి కుక్క మీద తోశాను. కుక్కలకేం కాలేదు. నేనే."

ఇంతకంటే పచ్చి అబద్ధం ఆమె జీవితంలో ఆడలేదు. చిన్నప్పుడు అన్నలు వెనక్కి పరిగెడుతుంటే ఒత్తి అంటించింది తనే. ఆ కథ పెళ్ళిలో అన్నలే చెప్పి నవ్వించారు, రస్సెల్ కూడా నవ్వాడు.

అతని చేతిలో కత్తి ఆగింది. హాల్లో ఫోన్ మోగింది. మిసెస్ ప్రోసరే అయ్యుంటుంది. ఇద్దరూ కదల్లేదు. అది మోగి మోగి ఊరుకుంది.

"నీకు భయమా?" అన్నాడు రస్సెల్.

"ఊఁ. కావాలంటే ఇప్పుడే వెళ్ళి ట్రెవర్‌తో చెప్తాను. వీధంతా నవ్వుకోనీ, నాకేం."

ఆమె తలుపు దాకా వెళ్ళింది.

"గేనర్, కూర్చో."

కూర్చుంది. అతను కత్తిని తుడిచాడు, మళ్ళీ తుడిచాడు.

"టింకర్‌కి చెవుడు."

"ఏంటి?"

"చివరి మూడేళ్ళూ బొత్తిగా వినబడేది కాదు. ఇంటి పక్కన పిడుగు పడ్డా దానికి తెలిసేది కాదు. డాక్టరు చెప్పాడు. నేనే నీకు చెప్పలేదు."

ఆ మూడేళ్ళూ దాని చెవుల చుట్టూ తన ఉన్ని స్కార్ఫు చుట్టి, కొండ దాటేదాకా భయం లేదు, భయం లేదు అని చెప్తూ తీసుకెళ్ళింది గేనర్. పక్క సీట్లో స్టీరింగు పట్టుకుని అన్నీ వింటూ కూర్చున్నాడు ఈయన.

"ఎందుకు దాచావు?"

"చెప్తే ఆ ఇల్లు మాట్లాడటం మానేస్తావని." అతని గడ్డం వణికింది. ఈసారి దాచుకోలేదు. "నువ్వు మానేస్తే నేనెలా అడగను? అడిగితే ఎందుకని చెప్పాలి కదా."

ఫోన్ మళ్ళీ మోగింది. గేనర్ లేవబోతే చెయ్యి పెట్టి ఆపాడు. ట్రెవర్‌కి కూడా తనే చెప్తానన్నాడు. హాల్లోకి నడిచి రిసీవరు తీశాడు. గేనర్ వంటింట్లోంచి విన్నది. వస్తున్నామన్నాడు, ఇద్దరమేనన్నాడు, కుక్క పోయిందన్నాడు. అవతల ఆవిడ ఏదో అడిగింది. రస్సెల్ రిసీవరుని ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"దాని కోసం కాదండీ," అన్నాడు చివరికి. "మొదట్నించీ నా కోసమే వస్తున్నాం."