చెంగమ్మ పెట్టిన దివసం

పుంగనూరులో మా వీధి మొత్తానికి చెంగమ్మ చేతి వంట గొప్పదని పేరు. ఆ పేరే ఆమె కొంప ముంచింది.

భర్త గోవిందప్ప రోజూ సాయంత్రం క్వార్టర్ సీసాతో ఇంటికి వచ్చేవాడు. మా వైపు తాగడం పెద్ద తప్పు కాదు, తినకుండా తాగడమే తప్పు. "కడుపునిండా తిని తాగితే మందేం సేస్తాది?" అనే మాట వినపడని ఇల్లు లేదు. పైగా మేక కార్జం తింటే మన కార్జానికి, అంటే లివరుకు, బలమట. ఎవడు కనిపెట్టాడో గానీ వాడి నోట మన్ను పడ! చెంగమ్మ పొద్దున్నే బస్సెక్కి మదనపల్లె మార్కెట్‌కు పోయి, పగలంతా టమాటాలు ఏరి, వచ్చేటప్పుడు కార్జమో బోటీనో తెచ్చి నూనె తేలేలా వేయించి పెట్టేది. ఇరవై ఆరేళ్లు అట్లా పెట్టింది.

గోవిందప్ప బాగా లావెక్కాడు. పెళ్లాం బాగా చూసుకుంటోందని మెచ్చుకున్నాం. మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, తిలాపాపం తలా పిడికెడు. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వాచాయి, పొట్టలో నీరు చేరింది. నాటుమందూ అయింది, ఆసుపత్రీ అయింది, మనిషి దక్కలేదు. మూడో రోజున అతని అన్న రామచంద్ర అందరూ వింటుండగా, "తిండి సరిగ్గా పెట్టుంటే నా తమ్ముడు బతికేటోడు" అన్నాడు. చెంగమ్మ ఆ మాటను నిజమే అనుకుని ఏడాది పాటు కుమిలిపోయింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొడుకు రాజేంద్ర టమాటా వ్యాన్ తోలుతాడు. తండ్రి పోయాక వాడూ అదే దారి పట్టాడు. ఆ సీసా, ఆ వేపుళ్లు, ఆ పొట్ట. తండ్రి ఏడాది దివసం ఇంకా పది రోజులుందనగా, కుప్పంలో సరుకు దించుతూ కుడి డొక్కలో నొప్పితో, వాంతులతో కూలబడ్డాడు. చెంగమ్మ, కోడలు నీలిమ పరుగున పోయారు. స్కానింగ్ చూసిన డాక్టరమ్మ కార్జానికి కొవ్వు పట్టి వాచిందని చెప్పింది.

"వట్టి కడుపుతో ఏనాడూ తాగలేదు కదమ్మా. నేను బాగానే పెడతాండా" అంది చెంగమ్మ.

"తిని తాగితే మత్తు మెల్లగా ఎక్కుతాది, అంతేనమ్మా. తాగిందంతా కార్జం మీదనే పడతాది. ఆ నూనె, కొవ్వు, పెరిగిన ఒళ్లు గూడా దాని మీదనే పడతాయి. రెండూ కలిస్తే తొందరగా చెడతాది. మేక కార్జం తింటే మనిషి కార్జం బాగుపడదు. ఇప్పుడు మందు పూర్తిగా మానేసి, తిండి మార్చుకుంటే కోలుకునే అవకాశం ఉండాది. మళ్లీ ముడితే మాత్రం నేనేం చెప్పలేను."

బయటికి వచ్చి చెంగమ్మ బెంచీ మీద కూర్చుని భోరున ఏడ్చిందట. ఏడుపు ఆగాక, "నేను తక్కువ పెట్టలేదే నీలిమా, అందరూ సెప్పినట్టే పెట్నాను. అదే తప్పు" అందట.

దివసం నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టడం మా వాళ్ల ఆచారం. తాగేవాడైతే పక్కన సీసా కూడా ఉండాలి. కాకి ముట్టాక కొడుకు ఆ సీసాలోంచి మొదటి గుక్క తాగాలి. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట పెట్టకూడదు.

చెంగమ్మ విస్తట్లో రాగిసంగటి, ఆకుకూర పప్పు, బీన్స్ తాళింపు పెట్టింది. రామచంద్ర సంచిలోంచి సీసా తీశాడు.

"వద్దు బావా" అంది చెంగమ్మ.

"వాడికి ఇష్టమైంది పెట్టకుంటే యాల ముడతాది కాకి?"

"ఇష్టమైంది ఇరవై ఆరేండ్లు పెట్నా. ఇంక సాలు."

"ఒక్క గుక్కకు నీ కొడుకు సచ్చిపోడులే!"

పెద్దాయన మాట కాదనలేక రాజేంద్ర చెయ్యి చాచబోయాడు. చెంగమ్మ ఆ చేతిని పక్కకు నెట్టి, సీసాను బావ సంచిలోనే పడేసింది.

విస్తరి తీసుకుపోయి మిద్దె పిట్టగోడ మీద పెట్టారు. కాకులు ఎదురింటి మీద వాలాయి గానీ ఇటు రాలేదు. గంట గడిచింది. "సూసినారా? నా తమ్ముడు అలిగినాడు" అన్నాడు రామచంద్ర. అందరూ చెంగమ్మ వైపే చూశారు. నాకూ భయమేసింది. "ఒక మూతెడు పక్కన పోస్తే పోలా అక్కా" అన్నాను, బుద్ధి లేక.

చెంగమ్మ పిట్టగోడ మీది విస్తరి రెండు చేతులతో ఎత్తుకొచ్చి కొడుకు ముందు పెట్టింది.

"మాత్రల టైం దాటిపోయింది. తిను."

"మా, కాకి ఇంకా ముట్టలేదే..."

"మీ నాయనకు కోపమొస్తే నాతో మాట్లాడుకోనీ. పోయినోడి కోసం బతికుండేటోన్ని పస్తు పెట్టను. తినప్పా."

రాజేంద్ర సంగటి తుంచి పప్పులో అద్దుకున్నాడు. రామచంద్ర సంచి చంకన పెట్టుకుని, ఈ ఇంటి గడప మళ్లీ తొక్కనంటూ మెట్లు దిగిపోయాడు. చెంగమ్మ అటు చూడలేదు. కొడుకు విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది.