మూత తీసి చూసే పేరమ్మ

నా దగ్గర కూర్చున్న వాళ్ళంతా తాత పడవ గురించి అడుగుతారు. తుపానులో ఎవరి ఇల్లు కొట్టుకుపోయిందో అడుగుతారు. నా పెళ్ళిలో ఏం వండారో, ఎవరు అలిగారో, అదీ అడుగుతారు. పేరమ్మ గురించి మాత్రం ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు నోరు తెరిచి అడిగింది లేదు. ఆమె చేతి రొయ్యలు తిని మూతులు తుడుచుకుని పోయిన మొహాలే అందరివీ. తినేటప్పుడు ఇంకో రెండు వెయ్యమనడానికి మాత్రం నోళ్ళు లేచేవి. ఇవాళ మీరు అడక్కపోయినా నేను చెబుతాను. కూర్చోండి.

పేరమ్మ నా తమ్ముడు మాల్యాద్రి పెళ్ళాం. పుట్టింది జువ్వలదిన్నెలో. మైపాడుకి కాపురానికి వచ్చిన రోజు, కొత్త పెళ్ళికూతురు తల వంచుకుని మూల కూర్చోవాలా లేదా? ఈమె నేరుగా వంటింట్లోకి పోయి పొయ్యి మీద కుండ మూత తీసి చూసింది. మా అమ్మ నిర్ఘాంతపోయింది. పిల్లకి ఆకలేమో అనుకుని పళ్ళెం తెచ్చింది. ఆకలేం లేదు. ఆ కుండలో ఏముందో తెలియకపోతే పేరమ్మకి నిద్ర పట్టదు, అంతే.

ఆ గుణం చచ్చేదాకా పోలేదు. ఎవరింటికి పోయినా ముందు మూత తీసేది. చింతకాయ వేశారా, మామిడికాయ వేశారా, మెంతులు వేయించి వేశారా, పచ్చివే వేశారా, అన్నీ కావాలి. మనుషుల సంగతులు ఆమెకి పట్టేవి కావు. ఎవరు ఎవరితో లేచిపోయారో చెబితే వినేది కాదు, వాళ్ళు పోయిన ఊళ్ళో పులుసు ఎట్టా పెడతారో అడిగేది.

పెళ్ళయిన కొత్తలోనే ఎండురొయ్యల వ్యాపారానికి దిగింది. మన ఒడ్డున ఇసకలో ఎండబెట్టి, గంపకెత్తి, బస్సెక్కి కొడవలూరు వైపు వరిపొలాల ఊళ్ళకి పోయేది. అక్కడ సామ్రాజ్యం అని ఒక రైతు ఇంటి ఇల్లాలు ఉండేది, మహా కోపిష్ఠిది. ఒకసారి ఆమె లోపలికి పోయి రొయ్యలకి బదులుగా బియ్యం కొలుచుకొచ్చేలోపు ఈమె వంటపాక గడప దాటి కూర చట్టి మూత తీసేసింది. సామ్రాజ్యం చూసి అగ్గయిపోయింది. ఎవరింటి కుండ మీద చెయ్యి వేశావో తెలుసా అని అరిచిందట.

పేరమ్మ మూత పట్టుకునే జవాబు చెప్పింది. "చట్టి మీదే గానీ లోపలుండే రొయ్యలు నావే గదమ్మా. మీ ఇంటికొచ్చి ఎట్టుండాయో చూసుకోబళ్ళా?"

ముందు వారం ఈమె అమ్మిన ఆ రొయ్యలు చింతచిగురులో ఉడుకుతున్నాయి. మనం వంకాయలో వేస్తాం, వాళ్ళు చింతచిగురులో. ఎట్టా చేశారో చెప్పేదాకా పేరమ్మ గంప ఎత్తలేదు. చివరికి ఆ కోపిష్ఠిదే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి పంపింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో చింతచిగురే. నాకు పళ్ళు పులిసిపోయాయి.

ఇప్పుడు మన జాలరుల పాళెం ఆనవాయితీ ఒకటి చెప్పాలి, లేకపోతే మీకు తలకెక్కడం కష్టం. వేసవిలో సర్కారు చేపల వేట ఆపేస్తుందా, ఆపి మళ్ళీ వదిలిన రోజున మొదటి వలలో పడ్డ రొయ్యలు అమ్మకూడదు. ఎంత మంచి ధర పలికినా సరే. పడవ ఉన్న ఇంటి పెద్ద ఆడది తన చేత్తో వండాలి. ఒక రొయ్య గంగమ్మకి తీసి పెట్టి, తక్కినవి పడవలో పనిచేసే వాళ్ళంతా ఆ ఇంటి వాకిట్లో కూర్చుని తినాలి. ఆ తర్వాతే రెండో వేట. మా అమ్మ వండింది, మా అమ్మ తర్వాత పేరమ్మ వండింది. ఆ ఒక్క వంటా ఒకసారి కోడలి చేతికి పోయిందంటే మళ్ళీ వెనక్కి రాదు. ఆ వంట చేజారినదాన్ని ఇంటి పెద్ద అనరు, ముసలిది అంటారు.

మాల్యాద్రి పోయాడు. పడవ కొడుకు మధుబాబు చేతికొచ్చింది. పేరమ్మకి షుగరు ముదిరి వేళ్ళు మొద్దుబారాయి. వేడి తెలియదు, చల్లన తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఒకరోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. పొయ్యి దగ్గర నిలబడి నాతో మాట్లాడుతూ ముక్కు ఎగబీల్చింది.

"ఎవరింట్లోనో గుడ్డ కాలతా ఉండాది వదినా," అంది.

కాలుతున్నది ఆమె పైటే. నేను బిందె ఎత్తి నెత్తిన కుమ్మరించాను. చెయ్యి కొంచెం బొబ్బలెక్కింది, అంతటితో పోయింది. సాయంత్రం మధుబాబు వచ్చి చూసి, ఇంక పొయ్యి దగ్గరికి పోతే నా మీద ఒట్టే అన్నాడు. కొడుకు మీద ఒట్టు, వాడేమో సముద్రం మీద బతికేవాడు. ఆ ఒట్టు ఏ తల్లి తీసి గట్టున పెడుతుంది?

అదీ సంగతి. వేట మొదలయ్యే రోజు దగ్గర పడుతోంది, పేరమ్మకి పొయ్యి లేదు. పాళెంలో అందరూ ఈసారి కోడలే వండుతుందని అనేసుకున్నారు. పాపం ఆ ఉషకి అది ఇష్టమూ లేదు. నెల్లూరులో పెరిగిన పిల్ల. రొయ్యలు వండటం వచ్చు గానీ, పడవ వాళ్ళంతా వాకిట్లో కూర్చుని వంక పెడుతుంటే నిలబడే గుండె లేదు. ఆ పిల్లకి కేకులు ఇష్టం. ఫోనులో చూసి నేర్చుకుంది. ఓవెను కొనుక్కుని, పాళెంలో పుట్టినరోజులన్నిటికీ తనే కేకులు చేసి ఇచ్చేది.

ఆ ఓవెను ఇంటికి వచ్చిన రోజు నుంచీ పేరమ్మ దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. పాత టీవీ అంత ఉంటుంది, ముందు గాజు తలుపు. టీవీ చూసినట్టే చూసేది. కింద మంట లేదు, పైన బొగ్గులు లేవు, పిండి ఎట్టా పొంగుతోందని నన్ను పీక్కుతినేది. కరెంటు అని చెప్పాను.

"కరెంటని నాకూ తెలుసు వదినా. ఎట్టా అని అడగతా ఉండా."

నాకేం తెలుసు? నేనేమన్నా అందులో కూర్చుని వచ్చానా?

ఒకరోజు ఆగలేక, కేకు లోపల ఉండగానే తలుపు తీసి చూసింది. కేకు నడిమధ్య గుంట పడిపోయింది. ఉష నెత్తి కొట్టుకుంది. పేరమ్మకి బాధ లేదు, ఆశ్చర్యం. మూత తీస్తే అలిగే వంట తన జన్మలో చూడలేదని ఊళ్ళో నలుగురికీ చెప్పుకుంది.

అప్పుడు పుట్టింది ఆమెకి ఆ బుద్ధి. కొడుకు ఒట్టు పెట్టింది మంట మీద. ఇందులో మంటే లేదు కదా. ఇందులో రొయ్యలు వండితే?

ఉష కేకు ఇవ్వడానికి పోయిన పూట చూసి నన్ను పిలిచింది. వేట లేని రోజులు, సముద్రపు రొయ్య దొరకదు. ఎన్నడూ గడప తొక్కనివ్వని చెరువు రొయ్యలు తెప్పించింది. ఉప్పూ పసుపూ కారం పట్టించి, చట్టిలో నింపినట్టే కేకు గిన్నెలో నిండుగా కుక్కి లోపల పెట్టింది. రొయ్య ఎట్టా వండుతాం మనం? వేడికి రొయ్య నీళ్ళు వదులుతుంది, ఆ నీళ్ళు ఇగిరేదాకా ఆగుతాం, ఇగిరాక నూనె తేలితే దించుతాం. అమ్మ కడుపులోంచి వచ్చేటప్పుడే ఈ లెక్క నేర్చుకుని వస్తాం. ఆమె కూడా నీళ్ళు ఇగిరేదాకా ఆగింది. పొయ్యి మీదైతే చిటపట వినిపిస్తుంది, వాసన చెబుతుంది. ఇక్కడ గాజు వెనక మూగ వంట. నీళ్ళు ఎంతకీ ఇగరవు. ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆగింది. బయటికి తీసేసరికి రొయ్యలు చొక్కా గుండీలంత అయ్యాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను, పొద్దుగూకేదాకా నములుతూనే ఉన్నాను. వాకిట్లో పిల్లికి వేస్తే అది కాసేపు నమిలి నా మొహం చూసింది.

ఆ తర్వాత కేకుకి రొయ్య వాసన పట్టింది. కొన్నవాళ్ళు ఏమీ అనలేదు, మైపాడులో ఆ వాసన లేని వస్తువు ఏదుందని కనిపెట్టడానికి? ఉషకి మాత్రం తెలిసిపోయింది. అడిగింది, ఏడ్చింది. నా పొయ్యి నువ్వు ముట్టుకోవద్దత్తా అంది. పేరమ్మ నిమ్మచెక్కలు తెచ్చి ఆ పెట్టెని సాయంత్రం దాకా తోముతూ కూర్చుంది. కొడుకు పొయ్యి వద్దన్నాడు, కోడలు ఈ పొయ్యీ వద్దంది. అయినా పేరమ్మకి ఒకటే ధ్యాస, ఆ నీళ్ళు ఎందుకు ఇగరలేదని.

మర్నాడు ఒడ్డుకి పోయాం. ఎవరో కొత్త పిల్ల ఎండురొయ్యలు కుప్పగా పోసి పరుస్తోంది. పేరమ్మ ఎప్పటిలాగే కేకేసింది. ఒకదాని మీద ఒకటి పడితే నీళ్ళూరి కుళ్ళిపోతాయి, విడివిడిగా వెయ్యమని. జన్మంతా ఎంతమంది పిల్లలకి చెప్పిందో ఆ మాట. చెప్పి, ఆ కుప్ప వైపే మళ్ళీ వంగి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, అది పొయ్యి కాదు. ఎండ. పెట్టెలో పెట్టిన ఎండ."

ఇంటికి పోయి ఉషని బతిమాలుకుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నన్ను బయట కూర్చోబెట్టారు. తలుపు తీశాక చూస్తే ఉష వేరే పళ్ళెం ఒకటి తీసి ఇచ్చింది, రొయ్యలకి అదే, కేకులకి అది ముట్టదు. పేరమ్మకి అంకెలు రావు కాబట్టి, వేడి తిప్పే బిరడా పక్కన తన బొట్టుబిళ్ళ ఒకటి అంటించింది. బొట్టు దాకా తిప్పు, తలుపు మాత్రం తియ్యకు, పళ్ళెం నేనే బయటికి తీస్తాను అని చెప్పింది. వేళ్ళకి వేడి తెలియదు కాబట్టి పేరమ్మ ఖాళీ పెట్టె వేడెక్కాక గాజు దగ్గరికి చెంప పెట్టి చూసుకునేది. నడిమధ్యాహ్నం ఇసక మీదికి వంగినప్పుడు మొహానికి తగిలే సెగ ఉంటుంది చూడండి, అంత కావాలనేది.

వేట వదిలారు. మధుబాబు పడవ వచ్చింది, తెల్లరొయ్యలు వచ్చాయి. పడవ వాళ్ళు వాకిట్లో కూర్చున్నారు. పడవ నడిపే సరంగు పద్మనాభయ్య మాల్యాద్రి కాలం మనిషి, మాట తిన్నగా రాదు. పొగ కనిపించకపోయేసరికి, అగ్గి ముట్టని వంట గంగమ్మకి పెడతారా అని మొదలుపెట్టాడు. మధుబాబు ఏమీ తేల్చలేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పేరమ్మ పట్టించుకోలేదు. వెల్లుల్లి, కారం, నూనె, చింతపండు గుజ్జు పట్టించిన రొయ్యలని పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచింది, ఇసకలో పరిచినట్టు. బొట్టు దాకా తిప్పింది. పీట మీద కూర్చుంది.

తోకలు అప్పుడప్పుడే వంకర తిరుగుతున్నాయి. కరెంటు పోయింది.

మన ఊళ్ళో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో ఎవడికి తెలుసు? లోపల దీపం ఆరిపోయింది, గాజులోంచి ఏమీ కనపడదు. పద్మనాభయ్య, ముందే చెప్పానా అన్నట్టు దగ్గాడు. పచ్చివి పాడైపోతాయి, తీసి చట్టిలో వేసి పొయ్యి మీద పెట్టమని ఎవరో అన్నారు. అంటే కోడలు వండినట్టే. ఉష అత్త మొహం చూసింది, తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

పేరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "తియ్యబాక. మబ్బు కమ్మిందని ఇసక అప్పుడే చల్లారతాదా?"

జన్మలో ఏ మూతా తీయకుండా వదలని మనిషి, ఆ రోజు ఆ తలుపుని ఎవ్వరినీ ముట్టనివ్వలేదు. కనపడదు, వినపడదు, వేళ్ళకి తెలియదు. గాజు దగ్గరగా చెంప పెట్టి కూర్చుంది. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత ఉషతో తియ్యమంది.

ఎర్రగా ఉన్నాయి. వంకర తిరిగి, ఒక్కొక్కటి విడిగా, ముట్టుకుంటే మెత్తగా. ఒకటి గంగమ్మకి తీసి పెట్టింది. పద్మనాభయ్య ఒకటి తలకాయతో సహా చప్పరించి, వంక వెతికాడు.

"రొయ్య బాగానే ఉండాది. ఇగురేదీ? అన్నంలోకి ఏం కలుపుకోవాల?"

పేరమ్మ వేడన్నం తెప్పించి, అడుగున నూనె, కారం అంటుకున్న ఆ పళ్ళెంలోనే కుమ్మరించమంది. ఉష కలిపింది. పడవ వాళ్ళంతా ఆ పళ్ళెం చుట్టూ చేరారు. కరెంటు వచ్చేసరికి పళ్ళెం కడిగినట్టుంది. మధుబాబు వేళ్ళు నాకుతూ, ఒట్టు పొయ్యికే పెట్టాను, దీనికి పెట్టలేదులే అన్నాడు.

తర్వాత ఏ వేట మొదలైనా ఆ వంట పేరమ్మదే. చివరికి వచ్చేసరికి రొయ్య కూడా పరచలేకపోయేది. పీట మీద కూర్చుని చెంప పెట్టి, ఇప్పుడు తియ్యి అనేది, ఉష తీసేది. అప్పుడూ పద్మనాభయ్య లోపలికి తొంగి చూసి, ఇంటి పెద్ద వండిందా అని అడిగి మరీ కూర్చునేవాడు.

వేట ఆపిన నెలల్లో పోయింది పేరమ్మ. పోయే ముందురోజు కూడా నేను తెచ్చిన గిన్నె మూత తీసి చూపించమంది. పప్పుచారు. తెలుసుకుని కళ్ళు మూసుకుంది.

ఈ ఏడు మొదటి రొయ్యలు ఉష వండింది. అదే పీట వేసుకుంది, అదే పళ్ళెం, బొట్టుబిళ్ళ రంగు పోతే కొత్తది అంటించింది. ఎంతసేపటికీ తియ్యదే అని నేను తలుపు మీద చెయ్యి వేశాను. "పెద్దత్తా, ముట్టుకోబాక," అంది, చెంప తిప్పకుండానే.

పేరమ్మ పోయేనాటికి అరవై ఎనిమిదేళ్ళు.