ఎవరికి మందు, ఎవరికి నీళ్ళు

ఎదురింటి అక్క పోయిందని మొన్న పొద్దున్న మావారు ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను తగరపువలసలో మా బడి గేటు దగ్గర ఉన్నాను. పిల్లలు ఇంకా ప్రార్థనకి నిలబడలేదు. “నిద్రలోనే పోయిందట. గుండె అంటున్నారు. నువ్వు బయల్దేరు,” అన్నారాయన. హెడ్మాస్టరు గారికి చెప్పి బస్సెక్కాను. మల్కాపురం చేరేదాకా ఏడుపు రాలేదు. సిగ్గుగా మాత్రం అనిపించింది. ఆవిడ ఎదుట నాకెప్పుడూ ఉండే సిగ్గే అది.

మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కే. ఇడ్లీ పిండి, అట్ల పిండి రుబ్బి అమ్మేది. గిన్నె పట్టుకుని వెళ్తే ఎంత కావాలని అడిగేది కాదు, “ఎంతమంది తింటారు?” అనేది. “మీ మావగారొచ్చినట్టున్నారు, ఇది సాలదు” అని తనే ఇంకో గరిటె వేసేది. ఆవిడ భర్త ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల ఇంజన్లు బాగుచేసేవారు. ఆయన్ని నేను బావగారూ అని పిలిచేదాన్ని. ఇద్దరూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని పప్పు ఏరుతూ పోట్లాడుకునేవారు. పప్పు అయ్యేలోపు పోట్లాటా అయిపోయేది.

కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలంలో బోటులో రేకు గీసుకుని బావగారి కాలికి దెబ్బ తగిలింది. గుడ్డ చుట్టుకుని పనికి వెళ్ళిపోయారు. కాలు వాచి, చలిజ్వరం వచ్చి, మాట తడబడటం మొదలయ్యాక గానీ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు మూత్రంలో వచ్చిన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఇద్దరినీ ఒకే ఆసుపత్రిలో, ఒకే ఐసీయూలో చేర్చారు. ఇద్దరిదీ సెప్సిస్ అన్నారు.

నాకు అప్పుడు స్పృహ లేదు. జరిగింది తర్వాత మావారు చెప్పారు. డాక్టరమ్మ ఆయన్నీ అక్కనీ కూర్చోబెట్టి విషయం వివరించారట. ఒంట్లో చేరిన క్రిములతో పోరాడుతూ ఒళ్ళు తన అవయవాలనే పాడుచేసుకుంటుందని, సముద్రపు గాలికి ఇంటి గేటు తుప్పు పట్టినట్టు లోపలి కణాలు దెబ్బతింటాయని, దాన్ని ఆపడానికి విటమిన్ సి పెద్ద మోతాదులో నరంలోకి ఎక్కిస్తే మేలు జరుగుతుందేమోనని పరీక్షిస్తున్నామని చెప్పారు. అసలు వైద్యం అందరికీ ఒకటేనట. దానికి తోడుగా కొందరికి ఈ మందు, కొందరికి ఉత్త సెలైన్. రెండు సీసాలకీ నల్లకవరు తొడుగుతారు. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టర్లకి కూడా తెలియదు.

“నిమ్మకాయిలో ఉంటాదే, అదేనా?” అని అడిగిందట అక్క.

“అదేనమ్మా.”

“అయితే మంచిదే కదా,” అని బావగారి తరఫున సంతకం పెట్టింది. నా తరఫున మావారు పెట్టారు.

బావగారు పోయారు. నేను బతికాను.

నేను ఇంటికొచ్చిన రోజు మా వీధిలో ఆటో దిగేసరికి ఎదురింటి ముందు షామియానా విప్పుతున్నారు. కర్మకాండలు అప్పుడే ముగిశాయి. మావారు నన్ను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. గుమ్మంలో ఉన్న అక్క నావైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మందు పడ్డవాళ్ళు బతికారని, నీళ్ళు పడ్డవాళ్ళు పోయారని వీధి వీధంతా ఎవరూ చెప్పకుండానే తేల్చేసుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు కుళాయి దగ్గర నా బిందె నిండుతుంటే అక్క వెనక నుంచి అంది:

“మందు మీకు పడ్డాది టీచరమ్మా. నీళ్ళు మాకు పడ్డాయి.”

అప్పటిదాకా నన్ను సెల్లీ అని పిలిచేది. నేను తిరిగి చూడలేదు. బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చేశాను. ఆ తర్వాత పిండికి మావారే వెళ్ళేవారు.

చాన్నాళ్ళకి ఆసుపత్రి నుంచి రెండిళ్ళకీ ఫోన్ వచ్చింది. పరీక్ష ముగిసిందని, ఎవరికి ఏది ఇచ్చారో తెలుసుకోవాలనుకుంటే రమ్మని చెప్పారు. ఆ సాయంత్రమే అక్క మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“నువ్వెల్తన్నావా? నన్నూ తీసుకెల్లు. ఒక్కదాన్నే ఇనలేను.”

డాక్టరమ్మ గదిలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ ముందు నా పేరు చెప్పి, “మీకు ఇచ్చింది సెలైన్,” అన్నారు. తర్వాత అక్క వైపు తిరిగి, “మీ ఆయనకి విటమిన్ సి ఇచ్చామమ్మా,” అన్నారు.

అక్కకి అర్థం కాలేదు. “అంటే నీళ్ళు కాదా?”

“కాదమ్మా. మందే.”

అక్క చీరచెంగు నోట్లో కుక్కుకుంది. “నాను సంతకం ఎట్టి ఆయన్ని నీళ్ళకి వొగ్గేసినాననుకున్నానమ్మా. ఇన్నాళ్ళూ కంటిమీద కునుకు నేదు.” అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు గుండె మీంచి బండ దించినట్టయింది. నేను ఎవరి వాటా మందూ తాగలేదు. ఎవరికీ ఏమీ బాకీ లేను.

కళ్ళు తుడుచుకుని అక్క అడిగింది. “మరి మందిచ్చినా ఎందుకు బతకనేదు?”

డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. ఆ మందు వల్ల మేలు జరిగినట్టు తేలలేదని, వేరే చోట జరిగిన పెద్ద పరీక్షలో కొంత కీడు కూడా జరిగి ఉండొచ్చని అనిపించిందని. “మీ ఆయన దానివల్లే పోయారని నేను చెప్పలేను. కాదని కూడా ఒట్టేసి చెప్పలేను. తెలియకే ఇచ్చామమ్మా, తెలుసుకోవడానికి.”

“తెలిసిందా మరి?”

“తెలిసింది. మా వార్డులో ఇప్పుడు ఇవ్వడం లేదు.”

ఆ మాటలు వింటున్నప్పుడు నా మనసులో మెదిలిన మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ‘అమ్మయ్య, నాకు పడింది నీళ్ళే’ అనుకున్నాను. నా చెయ్యి అక్క చేతిలో ఉండగానే అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అక్కే మాట మొదలుపెట్టింది.

“కుళాయి కాడ ఆ రోజు అన్నమాట అనకుండా ఉండాల్సింది సెల్లీ. సిగ్గుతో సచ్చిపోతన్నాను.”

నేను తలూపాను.

“ఒక్కందుకు దేవుడికి దణ్ణమెట్టుకుంటన్నాను. నీకు నీళ్ళు పడ్డం మంచిదయ్యింది. నీ పిల్లలు సిన్నోళ్ళు.”

నేను దొంగతనంగా అనుకున్న మాటనే ఆవిడ నోరారా, నాకోసం అంది. ఇంటికి వచ్చేదాకా నేను రోడ్డువైపే చూస్తూ కూర్చున్నాను. నీ ముందు నాకే సిగ్గుగా ఉందక్కా అని ఒక్కమాట అనాల్సింది. ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు ఆవిడ గుమ్మంలో కూర్చున్నాను. ఎప్పుడూ అనలేకపోయాను.

అప్పట్నుంచి అక్కకి ఒక అలవాటు పట్టుకుంది. వీధిలో ఎవరైనా కుంటుతూ కనిపిస్తే చాలు, ఆపేసేది. “కాలు సూపించు. ఏటీ గుడ్డ? ఎన్నాళ్ళైనాది?” జ్వరంతో ఎవరి మాటైనా తడబడితే ఇక ఊరుకునేది కాదు. ఆటో పిలిచి తనే ఎక్కించేది. విసుక్కునేవాళ్ళు విసుక్కునేవారు. “తిట్టుకోండి. ఆస్పత్రికెల్లి తిట్టుకోండి,” అనేది.

కిందటేడు తన చక్కెర జబ్బుకి చూపించుకోవడానికి వెళ్తే, అక్కడ కొత్త మాత్ర ఏదో పరీక్షిస్తున్నామని, చేరతారా అని అడిగారట. సంతకం పెట్టి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

“మళ్ళీ ఎందుకక్కా?”

“ఎవలో ఒకలు ఎట్టాల కదా. నేకపోతే ఆళ్ళకెలా తెలుస్తాది?” అని పిండి కలుపుకుంటూ ఉండిపోయింది.

మొన్న నేను చేరేసరికి ఆవిడని గుమ్మం ముందు పడుకోబెట్టారు. ఊరి నుంచి వచ్చిన వాళ్ళ బంధువు ఒకావిడ నన్ను చూసి, “మీరు ఏటవుతారు?” అని అడిగింది. చుట్టం కాను, ఎదురింటిదాన్నని చెప్పాలనిపించలేదు. అక్క కూతురు వచ్చి నా భుజం పట్టుకుని, “మా పిన్ని,” అంది. పువ్వులు వేయడానికి నన్ను ముందుకి తీసుకెళ్ళింది.

మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. వీధి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయాం. అక్కడి నుంచి రిఫైనరీ రోడ్డు. ఎప్పటిలాగే ఆయిల్ ట్యాంకర్లు బారులు తీరి, ఇంజన్లు రొదపెడుతూ, హారన్లు కొడుతూ ఉన్నాయి. పాడె రోడ్డెక్కేసరికి ముందున్న డ్రైవరు తలగుడ్డ తీసి ఇంజను ఆపేశాడు. అతని వెనకవాడు ఆపాడు. ఆ వెనకవాడు. పాడె ముందుకి సాగుతున్న కొద్దీ ఒక్కో బండీ మూగబోతూ వచ్చింది. ఆ రోడ్డు మీద మోసేవాళ్ళ చెప్పులు లేని అడుగుల చప్పుడు ఎన్నడూ వినలేదు. అప్పుడు విన్నాం.