అక్క రక్తం మారిన రోజు

బతికున్న అక్కను పక్కన పెట్టుకొని, ఆమె పోయినట్టే సుబేదారిల ఒక ల్యాబు గడప మీద కూసొని ఏడ్సిన ఘనత నాదే. నవ్వుర్రి, ఏం కాదు. ఆనాడు మాత్రం నేను నవ్వలే.

అక్క ఎముకల్ల మూలుగ రక్తం తయారుచేసుడు బంద్ పెట్టింది. డాక్టరు నా రక్తంలకెళ్లి మూలకణాలు తీసి ఆమెకు ఎక్కిచ్చిండు. అప్పుడు ఆయన ఏమేమో చెప్పిండు. నేను భయంతోటి సూది దిక్కే సూసుకుంట అన్నిటికీ తలకాయ ఊపిన. నెలలు గడిచినయ్. అక్క మొఖానికి జర కళ వచ్చింది. పరీక్షకని ఇద్దరం ల్యాబుకు పోయినం.

ల్యాబు అన్న గాజు పలక మీద అక్క రక్తం చుక్కలేసి, మందు కలిపి, "ఓ పాజిటివ్" అన్నడు.

"ఏందన్నా? పుట్టినప్పటి సంది మా అక్కది బీ పాజిటివ్! మల్ల సూడు."

మల్ల సూసిండు. "ఓ పాజిటివే చెల్లె."

అంటే బీ అనుకొని దవాఖానల ఇన్నొద్దులు తప్పు రక్తం ఎక్కిచ్చిన్రన్నట్టు! తప్పు రక్తం ఎక్కితే మనిషి దక్కదని ఎక్కడ్నో విన్న.

"అక్కా, కదలకు! ఊపిరి గూడ మెల్లగ తీస్కో!" అని ఆమెను బల్ల మీద పండవెట్టిన.

"నాకేమైందే? ఆకలైతాంది," అన్నది అక్క.

"అయ్యో, ఇదే ఆఖరి ఆకలేమో!" అని ఒర్లి, బావకు ఫోన్ కొట్టిన. బావ మడికొండ నుంచి చెప్పుల్లేకుంటనే బండి మీద వచ్చిండు. అక్కను సూడకముందే నా మొఖం సూసి ఏడుపందుకున్నడు. ఆయన్ని సూసి నాకు ఇంకింత భయమైంది. ఇద్దరం గడప మీద కూలబడి శోకాలు పెట్టినం. ఆఖరికి డాక్టరుకు ఫోన్ చేసి, అందరికీ ఇనవడేటట్టు స్పీకర్ పెట్టిన.

"సార్, అక్క రక్తం ఓ పాజిటివ్ అయింది! ఇంకెంతసేపు ఉంటది సార్?"

"అయిందా? చాలా సంతోషం!"

"సంతోషమా సార్!"

"మీ గ్రూపేంటమ్మా?"

"ఓ పాజిటివ్."

"మరింకేం! మీ మూలకణాలు మీ అక్క మూలుగలో కుదురుకున్నాయి. అవే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ తయారుచేస్తున్నాయి. ఆమె ఒంట్లో ఇప్పుడు పారేది మీ రక్తమే. ఇదంతా ముందే చెప్పాను కదా."

బావ ఏడుస్తనే నవ్విండు.

అక్క బల్ల మీద లేచి కూసున్నది. "గట్లనా! ఈ మధ్య బల్లిని సూసినా గుండె దడదడమంటాంటే ఏందో అనుకున్న. నీ రక్తమేనానే?"

ఆ గాజు పలక సాక్షిగ అందరి ముంగట ఒట్టేసిన: ఇగ ఈ జన్మల రక్తం గ్రూపు పేరు మీద ఎవ్వరినీ పండవెట్ట, ఎవ్వరినీ ఏడిపియ్య. అక్కనైతే అస్సలే ఏడిపియ్య. ఆమె ఏడిస్తే నా రక్తమే ఏడుస్తది గదా!