పాస్‌పోర్టు ఫొటోలాయన బిడ్డ

వీధిలో ఆయన్ని అందరూ ‘గడ్డంపైకి’ అనే పిలిచేవాళ్లు. ఇరవై ఆరేళ్లుగా పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్న మనిషికి ఆ పేరు రాకపోతేనే ఆశ్చర్యం. గడ్డం పైకి, కదలకూడదు, నవ్వకూడదు. రోజంతా ఆయన నోట ఇవే మూడు ముక్కలు.

పిల్లల్లేరు. దత్తతకని జిల్లా శిశు సంక్షేమ కార్యాలయం చుట్టూ నాలుగేళ్లు చెప్పులరిగేలా తిరిగారు భార్యాభర్తలు. చివరికి “ఐదేళ్ల పాప ఉంది, వచ్చి చూడండి” అని ఫోనొచ్చింది. ఆయన “సరేనండి” అని పెట్టేసి, చేతిలో ఉన్న ఫొటోలు కత్తిరించడం పూర్తిచేశాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

కార్యాలయంలో పాపని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. ఏదైనా మాట్లాడమని భార్య ఆయన్ని మోచేత్తో పొడిచింది. అలవాటైన మాటే ఊడిపడింది.

“గడ్డం పైకెత్తమ్మా. నవ్వకూడదు.”

పాప బుద్ధిగా ఎత్తింది. భార్య తల పట్టుకుంది.

మూడు నెలలు పాప ఇంట్లో ఉండాలి. తనిఖీకొచ్చే అధికారిణి సరేనంటేనే వాళ్ల బిడ్డ. పాప పెట్టింది తినేది, చెప్పింది చేసేది. ఒక్కనాడూ నవ్వలేదు. ఆయన జడ వేసేవాడు, బడికి దింపేవాడు. లోపల మాత్రం ఏమీ లేదు. నాలుగేళ్ల ఎదురుచూపుకి మనసు మొద్దుబారిపోయింది. అది అధికారిణి పసిగట్టి పాపని తీసుకుపోతుందేమోనని ఒక్కటే బెంగ.

ఆవిడ రానే వచ్చింది.

“ఇక్కడ బాగుందా?”

పాప తలూపింది.

“మరి నవ్వవేం?”

“నవ్వకూడదన్నారుగా. ఇంకా ఫొటో తియ్యలేదు.”

“ఓసి పిచ్చితల్లీ! ఇవాళే తీసేస్తార్లే” అంది భార్య.

పాప మొహం పాలిపోయింది. “వద్దు. ఫొటో తీస్తే పంపించేస్తారు.”

అధికారిణి రాయడం ఆపేసింది. పిల్లని ఇల్లు మార్చిన ప్రతిసారీ ఫైల్లో కొత్త ఫొటో అతికించేది వాళ్ల కార్యాలయమే. పాపకిది నాలుగో ఇల్లు.

ఆయన వచ్చి పాప ముందు నేలమీద కూలబడ్డాడు. “తియ్యను తల్లీ. నువ్వెక్కడికీ వెళ్లద్దు.”

అధికారిణి కాగితం మీద సంతకం పెట్టింది. “మీ బిడ్డేనండీ. కాకపోతే ముగ్గురూ కలిసున్న ఫొటో ఒకటి జతచెయ్యాలి. తప్పదు.”

పాప పెద్దవాళ్ల మొహాలు మార్చి మార్చి చూసింది. “అయితే, ముగ్గుర్నీ పంపించేస్తారా?”

“పంపిస్తే ముగ్గురం కలిసే పోదాం” అని, ఆయన భోరుమన్నాడు.