ఎర్రగా రావలసిన కన్ను

రెండో పుట్టినరోజు ఫోటోలు కంప్యూటర్‌లో వేసుకుని కూచున్నాడు పరశురాం. స్నిగ్ధ కేకు మీదికి వంగి ఉంది. బుగ్గకు క్రీము అంటింది, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఫ్లాష్ వెలుగుకు కుడి కన్ను ఎర్రగా వచ్చింది, ఎడమ కన్ను తెల్లగా వచ్చింది. ఎర్రదాన్ని నల్లగా చేశాడు. తెల్లదాన్నీ నల్లగా చేయబోతుంటే, చాయ్ గ్లాసుతో వచ్చిన మమత అతని వెనక ఆగిపోయింది.

“గదేంది, ఒక కన్ను తెల్లగున్నది?”

“ఫ్లాష్ తగిలింది.”

“రెండో కంటికి తగల్లేదా మరి?”

“ఒక్కోపారి గట్ల వస్తది. యాంగిల్ ఉంటది దానికి.”

“నువ్వు యాంగిల్ అంటె నేనేమంట?” అని చాయ్ పెట్టింది కాని అక్కణ్ణుంచి కదల్లేదు. “మొన్న పొద్దుగూకంగ గడప కాడ కూసున్నప్పుడు సుత పిల్లి కన్ను లెక్క మెరిసింది. గప్పుడు నీ ఫ్లాష్ లేకుండె గద.”

పరశురాం మౌసు వదిలేశాడు.

కండ్ల పనిలోనే అతనికి పేరొచ్చింది. మెదక్‌లో రాందాస్ చౌరస్తా పక్క సందులో లక్ష్మయ్య సేట్ స్టూడియో ఉండేది. పరశురాం పని నేర్చుకున్నది అక్కడే. రంగు ఫిల్ము చవకై, ఊరూరా కలర్ ల్యాబులు పుట్టుకొస్తున్న కాలమది. అయినా పల్లెల్లో చాలామంది బతికుండగా ఫోటో దిగేవాళ్ళు కారు. మనిషి పోయాక, గోడకు పెట్టుకోవడానికి ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చి స్టూడియోకు కబురు పంపేవాళ్ళు. పోయినాయన్ని కుర్చీలో కూచోబెట్టి, వెనక దుప్పటి కట్టి ఫోటో తీయాలి. తరువాత ప్రింటు మీద సన్నటి కుంచెతో కండ్లు తెరిపించాలి. లక్ష్మయ్య సేట్ తెరిపించిన కండ్లన్నీ ఒక్కలాగే ఉండేవి, ఊళ్ళో పోయినవాళ్ళంతా ఒకే తల్లి బిడ్డలన్నట్టు. పరశురాం అలా ఒప్పుకోలేదు. పోయినవాడి అన్నదమ్ములనూ కొడుకులనూ ఎండలో నిలబెట్టి, ఒకరి రెప్పా ఇంకొకరి గుడ్డూ చూసుకుని గీసేవాడు. పాపన్నపేట వజ్రమ్మకు ఆమె పెనిమిటి ఫోటో ఇచ్చినప్పుడు ఆమె ఏడవలేదు. “గిట్లనే సూస్తుండె, కూర చప్పగైతె” అని కొంగులో చుట్టుకుని పోయింది.

ఒకచోట కాలు నిలిచే మనిషి కాడు. లెన్సుకు సగం నల్ల అట్ట అడ్డం పెట్టి, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీసి, పెండ్లికొడుకు అరచేతిలో పెండ్లికూతుర్ని నిలబెట్టాడు. అందరూ అది నేర్చుకునేసరికి అతనికి విసుగొచ్చింది. డిజిటల్ కెమెరాలు వచ్చి, జంటల వెనక మంచుకొండలు అతికించే రోజుల్లో అతను జంటల్ని మంజీర ఇసుకలోకి తీసుకుపోయి, వాళ్ళ పొడుగాటి నీడలు మాత్రమే తీశాడు. ఒక మామగారు “ఎవల పెండ్లయ్య ఇది?” అని ఆల్బం తిరగ్గొట్టాడు. తెలంగాణ కోసం ఊరేగింపులు మొదలయ్యాక వాడవాడా తిరిగి ఆడవాళ్ళ ముఖాలు తీశాడు. ఆ ముఖాలనే పూలుగా పేర్చి బతుకమ్మ చేసి చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాడు. జనం తమ ముఖాలు వెతుక్కుంటూ బండ్లకు దారి లేకుండా చేశారు. మమత తన ముఖం అట్టడుగు వరుసలో పెట్టాడని అలిగింది.

ఇప్పుడు ఆ తెలివంతా ఒక్క కన్ను మీద పెట్టాడు. తెల్లది కన్ను కాదని, ఫోటో అని నిరూపించాలి.

కిటికీలకు పరదాలు కట్టాడు. స్నిగ్ధను స్టూలు మీద కూచోబెట్టి ఎదురుగా తీశాడు, పక్క నుంచి తీశాడు. ఫ్లాష్‌కు తెల్లగుడ్డ చుట్టి తీశాడు, గోడ మీదికి కొట్టి తీశాడు. కెమెరా మార్చాడు. దూరం జరిగాడు, దగ్గరికొచ్చాడు. గిలక్కాయ పట్టుకుని పిల్లను అటూ ఇటూ చూడమన్నాడు. కొన్నిట్లో రెండు కండ్లూ నల్లగా వచ్చాయి. అవి వచ్చినప్పుడల్లా “సూసినవా” అన్నాడు. మళ్ళీ ఇంకోటి తీశాడు, ఎడమది తెల్లగా వచ్చింది. కుడిది ఒక్కసారీ తెల్లగా రాలేదు.

“ఇగ సాలు,” అంది మమత. “పిల్ల కండ్లు నలుస్తున్నది.”

“పాతయి సూస్త. పాతవాట్ల లేకుంటె గిది కెమెరా తప్పే.”

పాతవి తెరిచాడు. స్నిగ్ధ బోర్లాపడినప్పటివి, అన్నప్రాసనవి, గోడ పట్టుకుని నిలబడినవి. పోయినవాళ్ళకు బతుకు పోసిన చెయ్యి బతికున్న పిల్లను ఊరికే వదల్లేదు. ప్రతి ఫోటోలో రెండు కండ్లూ నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. నల్లగుడ్డు మధ్యలో చిన్న మెరుపు చుక్క కూడా పెట్టాడు. సరిచేసినవాటిని అసలువాటి మీదనే సేవ్ చేయడం అతని అలవాటు, జాగా కలిసొస్తుందని. ఒక ఫోటో దగ్గర ఆగాడు. ఈ చుక్క కింద అప్పుడు ఎరుపుందా, తెలుపుందా? గుర్తు చేసుకోబోయాడు. చెయ్యి చేసింది కాని కన్ను చూడలేదు.

మమత అతని ముఖం చూసింది. పిల్లను చంకనేసుకుని చెప్పులేసుకుంది. మెదక్‌లో కంటి డాక్టరు టార్చి వేసి చూసి, హైదరాబాదులో ఎక్కడికి పోవాలో చెప్పి, “రేపటికి ఆపకుండ్రి” అన్నాడు.

అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో దాటడం లేదు. ఆ పూట రోడ్ల మీద వంటా వార్పు కూడా ఉంది. చౌరస్తాలో జెండా పట్టుకుని నిలబడ్డ మహేష్‌ను పరశురాం పక్కకు పిలిచాడు. మహేష్‌కు మారుతి వ్యాను ఉంది, పార్టీలో తిరుగుతాడు.

“ఈ పొద్దు బండి తీస్తె మావోల్లే నా అద్దాలు పలగ్గొడ్తరన్నా,” అన్నాడు మహేష్. తరువాత మమత భుజం మీద నిద్రపోతున్న పిల్లను చూశాడు. “ఎక్కుండ్రి. అద్దాలే గద.”

కౌడిపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ళ పొయ్యిలు, వాటి మీద గంగాళాలు. తారు రోడ్డు మీదే జనం విస్తళ్ళు వేసుకుని కూచున్నారు. వ్యాను ఆగగానే నలుగురు లేచి వచ్చారు.

“మహేషన్నా, నువ్వే గిట్ల చేస్తె ఎట్ల? మైకుల ఏమో బంద్ అంటివి.”

“దవాఖానకు పోతున్నం. జర జరుగుండ్రి.”

“అందరు దవాఖానకే పోతరు గియ్యాల,” అన్నాడొకడు. ఇంకొకడు లోపలికి తొంగిచూశాడు. “గీయన ముఖాల బతుకమ్మ చేసినాయన గాదా? మా అక్క ముఖం గుమ్మడిపువ్వు పక్కనే ఉండె. అన్నా, మంచిగ దొరికినవ్. గంగాళం కాడ అందరిది ఒక్క ఫోటో తీసి పో, నిన్నెవలు ఆపుతరు?”

పరశురాం అలవాటుగా భుజం తడుముకున్నాడు. కెమెరా లేదు. పని నేర్చిన ఇన్నేండ్లలో కెమెరా లేకుండా మెదక్ దాటడం ఇదే మొదలు. “తేలె తమ్మీ,” అన్నాడు. ఆ గొంతు విని అడిగినవాడు వ్యాను మీంచి చెయ్యి తీశాడు.

మమత కిందికి దిగింది. “మా బిడ్డ కంట్ల ఏందో ఉన్నది. మీరు తెలంగాణ తెచ్చుకోండ్రి, నేనద్దంటనా? గది నా బిడ్డకు సూపిచ్చుకుందమంటె దారియ్యండ్రి గంతె.”

అన్నం వారుస్తున్న ముసలామె గంటె కింద పెట్టి మగవాళ్ళ మీద లేచింది. “జరుగుండ్రిరా, సెప్తుంటె సమజైతలేదా?” ఆకులో అన్నం, పప్పు మూటగట్టి మమత చేతిలో పెట్టింది. మోటారు సైకిలు మీద ఒకడు జెండా ఊపుతూ నర్సాపూర్ దాకా ముందు నడిచాడు. దారిలో స్నిగ్ధ అన్నం మెతుకులు పరశురాం చొక్కా జేబులో వేస్తూ ఆడుకుంది.

హైదరాబాదు దవాఖానాలో కండ్లలో చుక్కలు వేసి, పిల్లకు మత్తిచ్చి లోపలికి తీసుకుపోయారు. బయటికొచ్చిన డాక్టరమ్మ వయసులో మమత కంటే పెద్దగా ఏం లేదు. కంటి వెనక పొరలో గడ్డ ఉందని చెప్పింది. ఫ్లాష్ వెలుగు ఆ పొర మీది నెత్తురు రంగుతో ఎర్రగా తిరిగి రావాలి. గడ్డ మీద పడితే తెల్లగా వస్తుంది. అది ముదిరితే కంటితో ఆగదు. చెప్పి, అడిగింది. “ఎప్పటినుంచి ఉందో తెలిస్తే మాకు పనికొస్తుంది. పాత ఫోటోలేమైనా ఉన్నాయా? ఫ్లాష్‌తో తీసినవి.”

“మస్తుగున్నయి మేడం,” అన్నాడు పరశురాం. “నేను ఫోటోగ్రాఫర్నే. గానీ పనికిరావు. కండ్లు నేనే సాఫ్ చేసిన.”

డాక్టరమ్మ అతని వంక చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

మమత చేతిసంచిలోంచి ఒక ప్రింటు తీసింది. మొదటి పుట్టినరోజుది. ఆ రోజు పరశురాం పిల్లను ఎత్తుకుని నిలబడితే, చిన్న కెమెరాతో మమత తీసింది. అతని తల నుదురు దగ్గర తెగిపోయింది, చెయ్యి వణికి మసకగా ఉంది. చెరిపేయమని పరశురాం చెప్పినా వినకుండా, తాను తీసిన ఫోటో అని ప్రింటు వేయించి దాచుకుంది. దాన్ని ఎవరూ సరిచేయలేదు. తండ్రికీ బిడ్డకూ నాలుగు కండ్లూ చింతనిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి.

డాక్టరమ్మ దాన్ని దీపం కిందికి తీసుకుపోయింది. “అప్పటికి కనిపించేంత లేదు,” అంది. “ఈ ఏడాదిలో పెరిగింది. కన్ను ఉంచగలమో లేదో ఇప్పుడే చెప్పను. పాపకు ఏమీ కాకూడదు, అది ముందు. మందు రేపే మొదలుపెడదాం.”

సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి. నెల తిరక్కుండా ఒకసారి పోయి మందెక్కించుకుని వస్తున్నారు. స్నిగ్ధ జుట్టు ఊడింది. “ఏడుపాయల అమ్మోరికి తలెంటికల మొక్కు తీర్చిన్రా?” అని అడిగినవాళ్ళకు మమత ఔనని చెప్పేది. పరశురాం మాత్రం తన స్టూడియోలో ఎవరి కండ్లూ ముట్టుకోవడం మానేశాడు. “మా పిలగాడు దయ్యం లెక్కున్నడు, గిదేం ఫోటో?” అని ఒకాయన ప్రింట్లు బల్ల మీద పడేశాడు. బేరాలు పక్క స్టూడియోకు మళ్ళాయి.

“ఎర్రగుంటె సాఫ్ చెయ్యి, ఎవలద్దన్నరు?” అంది మమత. “ముందు సూడు, మల్ల చెయ్యి. గంతె గాని ఊరందరికి దయ్యాలను పంచుతవా?”

అలా మళ్ళీ మొదలుపెట్టాడు. పని మునుపటి కంటే ఆలస్యమవుతోంది. పిల్లల ఫోటో తెరిస్తే ఒక్కో కన్నునూ తెర నిండా పెంచి చూసేవాడు. ఎర్రగా ఉంటే ఊపిరి వదిలేవాడు. ఇంట్లో స్నిగ్ధ నిద్రలో కదిలినా లేచి కూచునేవాడు. రెండో కన్నులోనూ రావచ్చని డాక్టరమ్మ అన్న మాట అతని లోపల పురుగులా తొలుస్తూనే ఉంది.

ఎండాకాలం మొదట్లో పోయినప్పుడు డాక్టరమ్మ కంటి లోపలి ఫోటో ఒకటి ప్రింటు తీసి చేతికిచ్చింది. దవాఖానా వసారాలో బెంచీ మీద కూచుని చూశాడు. నారింజ రంగు నేల మీద సన్న కాలువలు చీలినట్టు నెత్తుటి నరాలు. ఒక పక్కన గడ్డ, విరిగిన పాలలా గరుకుగా, మొదటిసారి తెర మీద చూసినదానికంటే చాలా చిన్నగా. “తగ్గుతోంది. ఈ కంటికి చూపు అంతగా ఉండదు. కాని కన్నయితే ఉంటుందనుకుంటున్నా,” అంది డాక్టరమ్మ. “రావడం మాత్రం ఆపకండి.”

ఎవరు తీశారో, ఎట్లా తీశారో అడగాలని అతనికి నోటిదాకా వచ్చింది. వెలుతురు ఇంత సమంగా లోపలంతా ఎలా పరిచారో. స్నిగ్ధ అతని మోకాలెక్కి ఫోటో లాక్కుంది.

“బాపూ, గిదెవలు?”

“నువ్వే బిడ్డా.”

తలకిందులు చేసి చూసింది. “నా మూతేది?”

“మూతి ఇండ్ల రాదమ్మా.”

“అయితె మంచిగ రాలే,” అని ఫోటో తిరిగిచ్చేసింది. “మల్ల తియ్యుమను.”

“తీస్తరు,” అన్నాడు పరశురాం. “వచ్చే నెల మల్ల తీస్తరు.”